వెన్నుపాము మందు వచ్చేలోగా చేయాల్సిన పని

తాటిచెట్టు మీంచి జారిపడిన గీత కార్మికుడు ప్రాణాలతో బయటపడినా, వెన్నుపాము దెబ్బతింటే మంచానికే పరిమితమవుతాడు. ఇంటివాళ్లు డాక్టరును అడిగేది ఒకటే: "నరాలు మళ్లీ పెరిగే మందు లేదా అయ్యా?" ఇంకా రాలేదన్నదే నిజమైన జవాబు. కాని ఆ మందు కోసం ఐరోపాలో విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు కలిసి చేస్తున్న కృషి నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది.

చేతిలోనో కాలిలోనో నరం తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగగలదు. వెన్నుపాములో అలా జరగదు. అక్కడి నరాలకు పెరిగే శక్తి ఉన్నా, చుట్టూ ఉన్న పరిసరాలే పెరగనివ్వడం లేదని 1981లో కెనడాలోని మాంట్రియల్ శాస్త్రజ్ఞులు చూపారు. నరాలను కప్పిన పొరలోనే ఆ అడ్డంకి ఉందని 1988లో స్విట్జర్లాండులోని జూరిచ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ ష్వాబ్ బృందం కనుగొంది. ఆ అడ్డంకిని తొలగించే యాంటీబాడీ ఇస్తే ఎలుకల వెన్నుపాములో నరాల పోగులు పెరిగాయని 1990లో ప్రకటించింది. తర్వాత నోవార్టిస్ కంపెనీ చేయి కలిపింది. 2006లో మనుషులపై తొలి పరీక్ష మొదలైంది.

అసలు పరీక్షను మాత్రం 2019 నుంచి విశ్వవిద్యాలయ ఆసుపత్రులే నడిపాయి. ఐరోపా యూనియన్, స్విస్ ప్రభుత్వం, కొన్ని ధర్మసంస్థలు నిధులిచ్చాయి. నాలుగు దేశాల్లోని 13 ఆసుపత్రుల్లో, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న 126 మందిని తీసుకున్నారు. దెబ్బ తగిలిన నాలుగు వారాల లోపే చికిత్స మొదలుపెట్టారు. 2024లో ఫలితం వెలువడింది. మొత్తం మీద చూస్తే మందు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ చేతుల బలంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే వెన్నుపాము పూర్తిగా దెబ్బతినని వారిలో కొంత మేలు కనిపించింది. దాన్ని మరో పరీక్షతో నిర్ధారించవలసి ఉంది. ఈ చేదునూ తీపినీ దాచకుండా చెప్పడమే ఆ భాగస్వామ్యానికి గౌరవం తెచ్చింది.

నాలుగు దేశాల డాక్టర్లు ఒకే కొలతతో ఎలా పనిచేయగలిగారు? 2001 నుంచి ఐరోపాలోని పలు ఆసుపత్రులు వెన్నుపాము రోగుల వివరాలను ఒకే పద్ధతిలో, దెబ్బ తగిలిన తర్వాత నిర్ణీత గడువుల్లో పరీక్షించి రాస్తున్నాయి. మందు లేకుండానే కొందరు కొంత కోలుకుంటారు. ఎవరు ఎంత కోలుకుంటారో ముందే తెలియకపోతే, ఫలానా మందు పనిచేసిందని చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ లెక్క లేని చోటే మోసానికి దారి దొరుకుతుంది. సహజంగా కదిలిన వేలిని చూపించి, తన ఇంజక్షన్ మహిమేనని చెప్పి పొలం అమ్మించేవాడికి అడ్డు ఉండదు.

మంచాలే చాలని ఆసుపత్రులకు పరిశోధన ఎందుకని కొందరు అడగవచ్చు. ఇది వృథా ఖర్చు కాదు. రోగిని క్రమం తప్పకుండా పిలిచి చూస్తే పుండ్లు పడకుండా, మూత్రకోశం చెడకుండా కూడా కాపాడవచ్చు. మందు వచ్చినా రాకపోయినా ఆ మేలు రోగికి మిగులుతుంది.

హైదరాబాదులో సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలున్నాయి. మందుల కంపెనీలకు కొదవ లేదు. వాటికీ జిల్లా ఆసుపత్రి వార్డుకూ మధ్య వంతెన వేయాలి. ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ వైద్య కళాశాలలు వెన్నుపాము రోగులకు ఒకే తీరు రికార్డు ప్రారంభించాలి. కంపెనీలతో ఒప్పందం కుదిరితే, ఫలితం మంచిదైనా చెడ్డదైనా ప్రకటించి తీరాలనీ, ప్రజల సొమ్ముతో పుట్టిన మందు ధర పేదవాడికి అందుబాటులో ఉండాలనీ ముందే రాయించుకోవాలి.

రేపు మందు వస్తే దెబ్బ తగిలిన కొద్ది వారాల్లోనే ఇవ్వవలసి రావచ్చు. ఆ వారాలు బస్టాండుల్లో, రిఫరల్ చీటీల్లో గడిచిపోతే మన గీత కార్మికుడికి అది ఉన్నా లేనట్టే. వైద్య ఆరోగ్య శాఖలు ఇప్పుడే ఈ పనికి పూనుకోవాలి.