ఆకు పసరు, ఎండ, బిందెడు నీళ్లు

"ఆకు పసరుతోని నీళ్లు సాఫైతయంట గద అక్కా! మా పోరడు పేపర్ల చదివిండు. ఇగ కాచుడు అక్కర లేదా?"

జైనూర్‌లో మాకు పాలు పోసే ఆమె మొన్న వాకిట్లో నిలబడి అడిగిన మాట ఇది. వాళ్ల గూడెంలో నల్లా రాని రోజున వాగు చెలిమే దిక్కు. "వద్దమ్మా, కాచే తాగండి" అన్నాను. ఎందుకో చెప్పడానికి మాత్రం నేను రెండు రోజులు చదువుకోవాల్సి వచ్చింది.

నీళ్లను శుభ్రం చేసేది ఆకు కాదు. వేపలాంటి ఆకుల కషాయాన్ని జింకు లవణం కరిగించిన నీళ్లలో కలిపి, వేడిచేసి, చివరికి కొలిమిలో కాలిస్తే జింక్ ఆక్సైడ్ సన్నటి పొడిగా మిగులుతుంది. రేణువులు ఉండకట్టకుండా చూడటం ఆకు చేసే సాయం. ఘాటు రసాయనాల వాడకమూ తగ్గుతుంది. ఆ పొడి మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే, నీళ్లలో పుట్టే చురుకైన కణాలు రంగుల్నీ, సూక్ష్మక్రిముల్నీ విరగ్గొడతాయి.

ఇదేం నిన్నమొన్నటి సంగతి కాదు. 1972లోనే జపాన్‌లో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు టైటానియం డయాక్సైడ్ మీద వెలుతురు వేసి నీటిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టారు. హైడ్రోజన్ అంటే ఇంధనమే కదా! 2021లో ఆ దేశంవాళ్లే ఇలాంటి పదార్థం పూసిన పలకల్ని వంద చదరపు మీటర్ల మేర ఆరుబయట పరిచి చూస్తే, ఎండలో ఇంధనంగా మారింది మహా అయితే 0.76 శాతం. పొయ్యి దాకా రావడానికి ఇంకా చాలా దూరముంది.

నీళ్ల విషయానికొస్తే, ప్రయోగాలు ఎక్కువగా తేట నీళ్లలో నీలిరంగు కలిపి చేసేవే. మన వాగులో తొలకరికి నీళ్లెలా ఉంటాయి? ఎర్రమట్టి. పైన మబ్బు. వాంతులు, విరేచనాలు ఊరిమీద పడేదీ అప్పుడే. బురదలోకి వెలుతురు దిగదు. అసలే ఎండలో ఆ కిరణాలు నూటికి అయిదు పాళ్లు. అవసరమైన నాడే చేతకాని మందన్నమాట! చిల్లగింజ అరగదీసి కలిపితే మన్ను అడుక్కి దిగుతుంది, నిజమే. తేటపడ్డంత మాత్రాన క్రిములు పోయినట్టా? పైగా ఆ పొడి మళ్లీ నీళ్లలోంచి బయటికి రావాలి. చీర కొంగుతో వడగడితే వచ్చేది కాదు. దాన్ని గాజుకో పలకకో అంటించి వాడే ప్రయత్నాలు జరుగుతున్నాయి. నాకు ఆశ ఉన్నది వాటి మీదే.

ఇదంతా మర్నాడు పాలామెకు చెప్పాను. ఓపిగ్గా విని, "వానకాలం కట్టెలు తడుస్తయి గద అక్కా, ఏం పెట్టి కాగబెట్టాలె?" అంది.

ఆ పూట మా గ్యాసు పొయ్యి మీద ఇంకో గిన్నె నీళ్లు పెట్టాను.