అందరికీ అందే అక్షరం

గోదావరి డెల్టాలోని ద్రాక్షారామంలో వెలసిన భీమేశ్వరాలయం సంస్కృత, తెలుగు శాసనాలకు నిలయం. వాటిలో అనేకం 1923లో దక్షిణ భారత శాసనాల నాలుగవ సంపుటంలో అచ్చయ్యాయి. శతాబ్దాలు గడిచినా, ఆ లిపి నేర్చినవారెవరైనా వాటిని చదువగలరు. కాని పాతికేండ్ల క్రిందట కంప్యూటరులో కూర్చిన తెలుగు పుస్తకపు ఫైలును నేడు తెరిస్తే తరచుగా అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. రాయి కాపాడిన అక్షరాన్ని యంత్రం ఎందుకు పోగొట్టుకొన్నది?

దోషం యంత్రానిది కాదు, పద్ధతిది. ఆనాటి తెలుగు ఫాంట్లు అక్షర భాగాలను 256 స్థానాలలో ఎవరికి తోచినట్లు వారు అమర్చుకొన్నాయి. ఒక ఫాంటులో తలకట్టు ఉన్నచోట మరొకదానిలో వత్తు ఉండవచ్చు. కనుక ఫాంటు లేనిదే ఫైలు మూగబోతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు కేటాయించి, ప్రతి వర్ణానికి ఒకే సంఖ్యను నిర్ణయించింది. దానితో కొత్త రచనలకు దారి దొరికింది. మరి పాత ఫైళ్ల గతి ఏమిటి?

వాటిని తిరిగి టైపు చేస్తే చాలదా అని కొందరంటారు. ఒక పుస్తకానికైతే చాలును. దశాబ్దాల పత్రికలకు అది అసాధ్యం. పైగా ప్రతి పుటలోనూ కొత్త తప్పులు చేరుతాయి. కావలసినది పాత ఫైలును చదివి యూనికోడులోకి మార్చే సాఫ్ట్‌వేర్. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అటువంటిదే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు అనుబంధంగా వెలువడిన ఆ ఉపకరణం తెలుగుతోపాటు తమిళం, మలయాళం, దేవనాగరి మొదలైన లిపులకూ ఉపకరించింది.

ఈ పని తేలిక కాదు. ‘ద్రాక్షారామం’ అనే పదాన్నే తీసుకొందాం. కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు. యూనికోడులో అవి పన్నెండు సంకేతాలు. పాత ఫైలులో మొదటి అక్షరపు దీర్ఘం ముందు, క్రావడి తరువాత ఉండవచ్చు. యూనికోడులో రకారం ముందు, దీర్ఘం తరువాత రావాలి. ఈ క్రమం తప్పితే పదమే చెడుతుంది. అందుచేత విడుదలకు ముందు గుణింతాలను, సంయుక్తాక్షరాలను, భిన్న ఫాంట్ల ఫైళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఒక లోపాన్ని సవరించిన ప్రతిసారీ పాత పరీక్షలన్నిటినీ మళ్లీ జరపాలి.

విడుదలతోనూ బాధ్యత తీరదు. 2017లో ఫైర్‌ఫాక్స్ పాత తరహా అనుబంధాలను నిలిపివేసింది. అటువంటి మార్పులు ఎప్పుడైనా రావచ్చు. మూల సంకేతం అందరికీ అందుబాటులో ఉంటే, ఒకరు విడిచిన పనిని మరొకరు కొనసాగించగలరు. దానిని దాచుకొంటే పరికరంతోపాటు అది కాపాడవలసిన సాహిత్యమూ మరుగున పడుతుంది. కాబట్టి భాషా పరికరాలను బహిరంగంగా విడుదల చేయడమే శ్రేయస్కరమని నా అభిప్రాయం.

ఇందులో ప్రోగ్రాము వ్రాసేవారికి ఎంత పాత్ర ఉన్నదో, భాష తెలిసినవారికీ అంతే ఉన్నది. తప్పిన వత్తును యంత్రం గుర్తించలేకపోవచ్చు. తెలుగు చదివిన విద్యార్థి కన్ను గుర్తిస్తుంది. ఆ కన్ను ఈ పనికి నేడు ఎంతో అవసరం.