కుడి మెదడు పిల్లవాడు

గత నెలలో ఒక సాయంత్రం మా కాలనీలో ఉండే ఒక తండ్రి, పదవ తరగతి చదువుతున్న కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. వృత్తి నుండి విరమించి ఏళ్ళు గడచినా ఇరుగుపొరుగువారికి నేనింకా డాక్టరునే. ఆయన చేతిలో రంగురంగుల నివేదిక ఒకటి ఉంది. పిల్లవాడి పది వేళ్ళ ముద్రలు తీసుకొని, గట్టి రుసుమే పుచ్చుకొని, ఎవరో తయారుచేసి ఇచ్చినది.

"మావాడిది కుడి మెదడటండీ డాక్టరుగారూ. బొమ్మలు, సంగీతం అయితే వస్తాయట గాని లెక్కలు పట్టుబడవట. ఎంపీసీలో చేర్చవద్దని రాశారు. మీరేమంటారు?"

పిల్లవాడు తల వంచుకొని కూర్చున్నాడు. వాడికి అన్నింటికంటే లెక్కలే ఇష్టమని ఆ తరువాత తెలిసింది.

వేలిముద్రల గీతలు తల్లి గర్భంలో ఉండగానే ఏర్పడతాయి. వాటిని చూసి మెదడులోని ప్రతిభను చదవవచ్చుననడానికి శాస్త్రీయమైన ఆధారమేమీ లేదు. ఈ మాట చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. కాని "ఎడమ మెదడు తర్కానికి, కుడి మెదడు సృజనకు" అన్న నమ్మకాన్ని అంత తేలికగా తోసివేయలేము. దాని పునాదిలో కొంత నిజం ఉంది. సగం నిజమైనందువల్లనే అది ఇంత కాలం నిలిచింది.

ఆ నిజమేమిటో చూద్దాం. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు, "టాన్" అన్న ఒక్క శబ్దం తప్ప మరేమీ పలకలేని రోగి మరణించిన తరువాత అతని మెదడును పరీక్షించి, ఎడమ అర్ధగోళపు ముందుభాగం దెబ్బతిన్నదని గుర్తించాడు. మనలో అత్యధికులకు భాష ఎడమవైపునే ఆధారపడి ఉంటుంది. పక్షవాతపు రోగులను చూసిన వైద్యులందరికీ ఇది అనుభవమే. కుడి అర్ధగోళానికి దెబ్బ తగిలినవారిలో మరొక వింత కనిపిస్తుంది. గడియారం బొమ్మ గీయమంటే, పన్నెండు అంకెలనూ వృత్తంలో కుడిపక్కనే కుక్కివేసేవారిని నేను చూశాను. ఎడమవైపు లోకమొకటి ఉందన్న స్పృహే వారికి ఉండదు.

ఈ రెండు అర్ధగోళాలను కలిపే వంతెన కార్పస్ కలోసం. అందులో సుమారు 20 కోట్ల నాడీతంతువులు ఉంటాయి. మందులకు లొంగని మూర్ఛవ్యాధిని అదుపు చేయడానికి 1960లలో అమెరికాలో కొందరు రోగులకు ఆ వంతెనను శస్త్రచికిత్సతో తెంచారు. వారిని పరీక్షించి రోజర్ స్పెర్రీ చేసిన పరిశోధనలకు 1981లో నోబెల్ బహుమతి లభించింది. జనంలో ప్రచారమైన "రెండు మెదళ్ళ" కథ ప్రధానంగా అక్కడి నుండి మొదలైనదే. అయితే అసలు ప్రయోగాలను చదివితే ఆ కథ తలకిందులవుతుంది.

స్పెర్రీ శిష్యుడు మైకేల్ గజానిగా చేసిన ఒక ప్రయోగాన్ని నేను ఎన్నడూ మరువలేను. అటువంటి శస్త్రచికిత్స జరిగిన ఒక రోగి ఎడమ అర్ధగోళానికి మాత్రమే కనిపించేటట్లు కోడికాలి బొమ్మను, కుడి అర్ధగోళానికి మాత్రమే కనిపించేటట్లు మంచు కప్పిన ఇంటి దృశ్యాన్ని చూపారు. ముందున్న బొమ్మలలో వాటికి సంబంధించినవి ఎంచుకోమన్నారు. కుడిచేయి కోడిని చూపింది. ఎడమచేయి మంచు ఎత్తే పారను చూపింది. పార ఎందుకని అడిగితే, మాట్లాడగలిగే ఎడమ అర్ధగోళానికి మంచు సంగతే తెలియదు. అయినా అది తడుముకోలేదు. కోళ్ళగూడు శుభ్రం చేయడానికి పార కావాలి కదా అన్నది! తర్కానికి నిలయమని మనం చెప్పుకొనే ఎడమ మెదడు ఎంత చక్కగా కథ అల్లిందో చూడండి. ఇక కల్పన కుడిపక్కదేనని ఏ ముఖంతో అనగలం?

పైగా మన వంతెన తెగలేదు. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వారు వెయ్యిమందికి పైగా వ్యక్తుల మెదడు స్కానింగులను పరిశీలించారు. కొన్ని పనులు ఒక పక్కకు మొగ్గుతాయని తేలింది గాని, మొత్తం మీద కుడి మెదడు మనిషి, ఎడమ మెదడు మనిషి అనే జాతులు కనిపించలేదు. హఠాత్తుగా పరిష్కారం స్ఫురించే క్షణంలో కుడి చెవి పైభాగాన మెదడులో ఒక ప్రత్యేకమైన చలనం నమోదైన మాటా నిజమే. దానిని నేను దాచను. కాని స్ఫురణ అన్నది దీర్ఘమైన పనిలో చివరి తృటి మాత్రమే.

ఆ దీర్ఘమైన పని ఎలా సాగుతుందో ఆటో లోవీ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆయన ఔషధశాస్త్ర ఆచార్యుడు. నాడి నుండి అవయవానికి సందేశం ఏదైనా రసాయనం ద్వారా అందుతున్నదేమోనన్న ఊహ ఆయనకు 1903 ప్రాంతంలోనే తట్టింది. రుజువు చేసే దారి తోచక వదలివేశాడు. సుమారు 17 ఏళ్ళ తరువాత ఒక రాత్రి కలలో ప్రయోగం కనిపించింది. లేచి కాగితం మీద గీకి మళ్ళీ నిద్రపోయాడు. తెల్లవారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. అదృష్టవశాత్తూ మరునాటి రాత్రి మూడు గంటలకు అదే కల వచ్చింది. ఈసారి నేరుగా ప్రయోగశాలకు వెళ్ళాడు. ఒక కప్పగుండెకు చెందిన వేగస్ నాడిని ప్రేరేపించి దాని వేగం తగ్గించి, ఆ గుండెలోని ద్రవాన్ని మరొక కప్పగుండెలో పోశాడు. ఏ నాడీ తాకని ఆ రెండవ గుండె కూడా నెమ్మదించింది! ఆ పని చేసిన రసాయనం ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

పగటివేళ నిదానంగా ఆలోచించి ఉంటే ఈ ప్రయోగాన్ని తానే కొట్టిపారేసేవాడినని లోవీ తరువాత ఒప్పుకొన్నాడు. అయితే కలలో ఆయన కొత్తగా పొందిన సామగ్రి ఏమీ లేదు. ఊహ పాతది. కప్పగుండెలను ద్రవంతో నింపి ఉంచే పద్ధతి కూడా వేరొక పని కోసం ఆయన అంతకుముందే వాడినదే. ఆ రెండూ నిద్రలో కలిశాయి. గుండెలను కోసి పరీక్షించినది మాత్రం మెలకువలోనే. కష్టపడి నింపుకోవడం, కొంతకాలం దాని మానాన దానిని వదలడం, తిరిగి వచ్చి కఠినంగా పరీక్షించడం. ఇదే మెదడు సహజగతి అని నా అభిప్రాయం. మన విద్యావిధానం మొదటిదానిని మితిమీరి చేయిస్తుంది, రెండవదానిని నేరంగా చూస్తుంది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్న పిల్లవాడిని సోమరి అని ఎందరు ఉపాధ్యాయులు అనలేదు? మా బడిలో నన్నూ అన్నారు.

ఈ సంగతులన్నీ ఆ తండ్రికి ఇంత వివరంగా చెప్పలేదు. పిల్లవాడినే అడిగాను, "రాని లెక్కను ఏం చేస్తావు నాయనా?" అని. కాసేపు నసిగి, "రాత్రి రానిది ఒక్కోసారి పొద్దున పళ్ళు తోముకుంటుంటే వచ్చేస్తుందండీ" అన్నాడు. తండ్రి వాడివైపు ఆశ్చర్యంగా చూశాడు.

"రాత్రి ఎన్నింటికి పడుకుంటావు?"

"పదకొండున్నరకండీ. నాన్నగారు నాలుగింటికి లేపుతారు."

ఆ వయసు పిల్లలకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని తండ్రికి చెప్పాను. ఆయన నివేదికను మడిచి సంచిలో పెట్టుకొని, "మరి ఆరింటికి లేపితే సరిపోతుందంటారా?" అని అడిగాడు. లేపేది ఆరింటికే అయితే పడుకోబెట్టవలసినది పదింటికని చెప్పి పంపాను.