సెల్యూకిడే: ఒక వంశనామం, ఫైలకా ద్వీపం

అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్ నికేటర్ స్థాపించిన రాజవంశానికి లాటిన్ పేరు సెల్యూకిడే. 'ఇడే' అనే ప్రత్యయం గ్రీకు నుంచి వచ్చింది. సంతతి అని అర్థం. పాండురాజు కొడుకులు పాండవులైనట్టే సెల్యూకస్ వారసులు సెల్యూకిడే అయ్యారు. ఇంగ్లీషులో అది సెల్యూసిడ్, అరబీలో సలూకియ్యూన్. జీవశాస్త్రం కూడా జంతు కుటుంబాలకు ఈ ప్రత్యయాన్నే వాడుతోంది: పిల్లి కుటుంబం ఫెలిడే, కుక్క కుటుంబం కానిడే. టైగ్రిస్ తీరాన సెల్యూసియా నగరానికీ, క్రీ.పూ. 312-311లో మొదలైన సెల్యూసిడ్ శకానికీ మూలం సెల్యూకస్ పేరే. ఈ శకం విశేషమైనది: రాజు మారినప్పుడల్లా లెక్క మళ్లీ మొదలుపెట్టక, సంవత్సరాలను వరుసగా కొనసాగించింది.

తెలుగు విద్యార్థులకు సెల్యూకస్ చంద్రగుప్త మౌర్యునితో సంధి చేసుకుని 500 ఏనుగులు పొందిన రాజుగా పరిచయం. ఆయన వంశం ఆనవాళ్లు కువైట్‌లోనూ ఉన్నాయి. గ్రీకులు ఇకారోస్ అని పిలిచిన ఫైలకా ద్వీపంలో 1958లో డెన్మార్క్ పురావస్తు బృందం తవ్వకాలు ప్రారంభించి, ఆ కాలపు కోటను, ఆలయాన్ని వెలికితీసింది. అక్కడ దొరికిన గ్రీకు శిలాశాసనంలో సెల్యూసిడ్ పాలనకు చెందిన అధికారిక లేఖ చెక్కి ఉంది. కువైట్‌లోని తెలుగువారు ఒక్కసారైనా ఫైలకా చూసి రావాలి.