‘మీ పీసీకి అర్హత లేదు’ అందా? తొందరపడొద్దు!

2025 అక్టోబర్‌ 14తో విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ మామూలు సపోర్ట్‌ ఆపేసింది. విండోస్‌ 11 వేసుకుందామంటే మీ ల్యాప్‌టాప్‌ ఒప్పుకోవట్లేదా? ప్లేస్‌మెంట్స్‌ ముందు అప్పు చేసి కొత్తది కొనేయకండి. అడ్డు ఎక్కడుందో ముందు చూడండి.

విండోస్‌ కీ, ఆర్‌ కలిపి నొక్కి, ‘టీపీఎం.ఎంఎస్‌సీ’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. 2.0 వెర్షన్‌ కనిపించలేదా? అయినా అది లేదనుకోవద్దు. చాలావాటిలో బయోస్‌లో ఆఫ్‌ అయి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం పేరుతో వెతికి ఆన్‌ చేయండి.

ప్రాసెసరే పాతదైతే సెట్టింగ్స్‌తో పని జరగదు. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే అనుమతి. మెషీన్‌ బాగానే నడుస్తున్నా సరే, గీత అక్కడే! యూట్యూబ్‌ చిట్కాలతో బలవంతంగా ఎక్కించొచ్చు. కానీ అప్‌డేట్స్‌కి హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది.

అంతకన్నా విండోస్‌ 10లోనే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి నమోదు చేసుకోవడం మేలు. 2026 అక్టోబర్‌ 13 దాకా ఊపిరి పీల్చుకోవచ్చు. కోడింగ్‌ ప్రాక్టీస్‌కైతే లినక్స్‌ చక్కగా సరిపోతుంది. కాకపోతే కొన్ని ఆన్‌లైన్‌ పరీక్షల సాఫ్ట్‌వేర్లు దానిపై నడవవు. టెస్ట్‌ ముందురోజే చూసుకోండి.

సెకండ్‌హ్యాండ్‌ ల్యాప్‌టాప్‌ కొంటున్నారా? ర్యామ్‌ ఎంతో తర్వాత, ప్రాసెసర్‌ ఏ తరానిదో ముందు అడగండి.