పడవ బయల్దేరింది.. అందరూ ఎక్కారా?

సెలవులొస్తే ఒకప్పుడు తిరుపతి, ఊటీ. ఇప్పుడు గోవా, మాల్దీవులు. ఎల్‌టీసీ పుణ్యమా అని ప్రభుత్వోద్యోగులకు అండమాన్ కూడా దగ్గరైంది. వెళ్లినవాళ్లలో చాలామంది స్కూబా డైవింగ్ చేయనిదే తిరిగి రావడం లేదు. మన విశాఖ రుషికొండలోనూ ఆ సదుపాయం ఉంది. వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎంత లోతుకు తీసుకెళ్తారు, వీడియో తీసిస్తారా అని అడుగుతాం. అడగని ప్రశ్న ఒకటుంది. తిరుగు ప్రయాణానికి ముందు మనుషులను ఎవరు లెక్కపెడతారు, ఎలా లెక్కపెడతారు?

1998 జనవరి 25న ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్‌కు ఒక పడవ 26 మందిని డైవింగ్‌కు తీసుకెళ్లింది. 24 మందితో ఒడ్డుకు తిరిగొచ్చింది. మిగిలిపోయిన ఇద్దరూ అమెరికా దంపతులు, డైవింగ్‌లో అనుభవం ఉన్నవాళ్లే. ఇద్దరు తగ్గారన్న సంగతి రెండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. పడవలో మిగిలిపోయిన బ్యాగు తెరిస్తే వాళ్ల పాస్‌పోర్టులు కనిపించాయి. అప్పుడు మొదలైంది వెతుకులాట. సామాన్లు కొన్ని కొట్టుకొచ్చాయి, మనుషులు మాత్రం దొరకలేదు. తుపాను రాలేదు, పడవ మునగలేదు. లెక్క తప్పింది, అంతే. ఆ తర్వాతే క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం లెక్కింపు నిబంధనలను కఠినం చేసింది.

లెక్క తప్పడం ఎంత సులువో పడవ ఎక్కి చూస్తే తెలుస్తుంది. ఒకరు టాయిలెట్‌లో ఉంటారు, ఇంకొకరు ఫొటో కోసం అటూ ఇటూ తిరుగుతుంటారు, లెక్క అయ్యాక మరొకరు మళ్లీ నీళ్లలోకి దూకుతారు. అందుకే తలలు లెక్కపెడితే చాలదు. పేరు పిలవాలి, మనిషి కళ్లెదుట నిలబడి పలకాలి. ఒకరి బదులు ఇంకొకరు 'ఆ, ఉన్నాడు' అనకూడదు. ఆపరేషన్ థియేటర్‌లో కుట్లు వేసే ముందు వాడిన గుడ్డలను, సూదులను నర్సు పైకి లెక్కపెడుతుంది. సర్జన్ ఎంత పెద్దవాడైనా ఆగాల్సిందే. పడవలోనూ అంతే, లెక్క తేలేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అడిగే హక్కు మీకుంది.

మనకూ ఇది తెలియని సంగతి కాదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు, అందులో ఎందరున్నారన్న దానిపై మొదట తలో లెక్క వినిపించింది. గాలించేవాళ్లకు ఎందరి కోసం వెతకాలో ముందే తెలియాలి కదా!

కాబట్టి ఎక్కేటప్పుడే మీ పేర్లు, ఫోన్ నంబర్లు జాబితాలో రాయించండి. దాని నకలు ఒడ్డున ఆఫీసులో ఉందో లేదో అడగండి. పడవ పేరు, తిరిగొచ్చే వేళ హోటల్ రిసెప్షన్‌లో గానీ ఇంట్లో గానీ చెప్పి వెళ్లండి. అందరూ నీళ్లలోకి దిగినా పడవలో బాధ్యత గల మనిషి ఒకరు ఉండి తీరాలి. మీ పక్కన దిగినవారిని మీరు, మిమ్మల్ని వారు కనిపెట్టుకుని ఉండాలి. జాకెట్‌కు విజిల్ ఉందేమో దిగకముందే చూసుకోండి. పైకొచ్చాక పడవ కనిపించకపోతే జాకెట్‌లో గాలి నింపి, ఒకరినొకరు పట్టుకుని తేలుతూ ఉండండి. ప్రవాహానికి ఎదురీది అలసిపోవద్దు. ఎవరైనా తగ్గినట్టు పడవలో ఉన్నవాళ్లు గమనిస్తే, ఓనరు ఏమనుకుంటాడోనని చూడకుండా కోస్ట్ గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేయాలి.

ఒడ్డుకు చేరగానే లెక్క పూర్తయిందనుకోకండి. నీళ్లలో చేసిన తప్పు ఒంట్లో తర్వాత బయటపడొచ్చు. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి, పైకొచ్చేసరికి రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. కంగారులో ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. అందుకే ఉబ్బసం, గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దిగకూడదు. గర్భిణులు అసలే వద్దు. కట్టిన డబ్బు పోతుందని ఆరోగ్య ఫారంలో అన్నింటికీ 'లేదు' అని టిక్కులు పెట్టేస్తే, ఆపదలో మీకు వైద్యం చేసేవాళ్లనే తప్పుదారి పట్టించినట్టు. జలుబు చేసి చెవులు మూసుకుపోయిన రోజు మానేయడమే మేలు.

రక్తంలో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి సమయం పడుతుంది. ఒక్కసారే దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. టూర్ ప్యాకేజీల్లో చివరి రోజు పొద్దున డైవింగ్, మధ్యాహ్నం ఫ్లైట్ పెడుతుంటారు. ముందే మార్పించుకోండి. కీళ్లలో నొప్పి, తిమ్మిరి, తల తిరగడం, విపరీతమైన నీరసం లాంటివి ఒక రోజు లోపల ఎప్పుడు వచ్చినా పెయిన్ కిల్లర్ వేసుకుని పడుకోవద్దు. ఆసుపత్రికి వెళ్లి ఆక్సిజన్ పెట్టించుకోవాలి. క్యాజువాలిటీలో మొదటి మాటగా 'నిన్న స్కూబా చేశాను' అని చెప్పండి. మన ఊళ్లలో డ్యూటీ డాక్టరుకు ఆ ప్రశ్న తట్టకపోవచ్చు.