నేరవిచారణ గ్రంథములు సాధకునకు పఠనీయములా?



మా ఆలయమునకు నిత్యము వచ్చు ఒక యువకుడు ఇటీవల సంకోచముతో అడిగెను: "అయ్యవారూ, హత్యకేసులను, కోర్టు విచారణలను గూర్చిన యథార్థ గ్రంథములు చదువుట నాకు మిక్కిలి ఇష్టము. నా జపసాధనకు ఇది విఘ్నము కాదు గదా?" తమోగుణమును పెంచు వాఙ్మయమని నిషేధించుట సులభము. నేనట్లు నిషేధింపలేదు. కారణమును సజ్జనులకు నివేదించుచున్నాను.

న్యాయవిచారణ ధర్మమునకు వెలియైనది కాదు. మనుస్మృతి వివాదములను 18 పదములుగా విభజించినది. యాజ్ఞవల్క్యస్మృతిలోని మూడు అధ్యాయములలో, ఆచారమునకును ప్రాయశ్చిత్తమునకును నడుమ, ఒక అధ్యాయము సంపూర్ణముగా వ్యవహారమునకే కేటాయింపబడినది. ఆదిపర్వమునందలి అణిమాండవ్యుని వృత్తాంతము విననివారెవరు? మౌనవ్రతమందున్న మహర్షి ఆశ్రమములో దొంగలు సొమ్ము దాచిరి. భటులు అడుగగా ఆయన పలుకలేదు. రాజు దొంగలతో పాటు ఆయనకును శూలారోహణము విధించెను. బాల్యమున ఒక కీటకమును గుచ్చిన దోషమునకు ఈ దండనయా అని మహర్షి ధర్మదేవతనే నిలదీసి శపించెను. పదునాలుగేండ్లలోపు చేసినది పాపముగా లెక్కింపబడరాదను మర్యాదను నెలకొల్పెను. ధర్ముడే విదురుడై జన్మింపవలసి వచ్చెను. దోషమునకు మించిన దండనము విధించినవాడు ధర్ముడైనను దోషియే యని తాత్పర్యము.

ఇక నా అనుభవము. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట ఆలయములో ఒక వెండి పంచపాత్ర కనబడకపోయెను. పెద్దలు నన్ను విచారింపగా, "ఆ ఉదయమున ఊడ్చు కుర్రవాడు గర్భాలయ ద్వారమువద్ద తిరుగాడుట చూచితిని" అని పలికితిని. అది సత్యమే. అయితే అతడు ప్రతి ఉదయమును అక్కడనే ఊడ్చును. ఆ రెండవ వాక్యమును నేను పలుకలేదు, ఎవరును అడుగలేదు. అతనిని పనినుండి తొలగించిరి. కొన్ని మాసములకు ఉత్సవసామగ్రి పెట్టెలో, పట్టువస్త్రముల మడతల నడుమ ఆ పాత్ర లభించినది. ఆ మడతలు పెట్టినది నా హస్తములే. పరుగున అతని ఇంటికి వెళ్లితిని. ఆ కుటుంబము అప్పటికే ఊరు విడిచిపోయినది. అతని గోత్రము నాకు తెలియదు. నామమును మాత్రము నేటికిని అర్చనలో పలుకుచున్నాను.

ఆ పిదపనే నేను విచారణ గ్రంథములు చదువ నారంభించితిని. న్యాయస్థానమున క్రాస్ ఎగ్జామినేషన్ అను ప్రక్రియ ఉన్నది. సాక్షి పలుకని రెండవ వాక్యమును వెలికితీయుటయే దాని ప్రయోజనమని అప్పుడు బోధపడినది.

ఆలీపూర్ బాంబుకేసును చూడుడు. అరవిందులు 1908 మే నెలలో బంధింపబడి, ఒక సంవత్సరము కారాగారమందుండిరి. ఆ దినములను వారే వంగభాషలో 'కారాకాహిని'గా రచించిరి. తొమ్మిదడుగుల పొడవు గల ఏకాంతపు గది, ప్రభుత్వపక్ష న్యాయవాది నార్టన్ వాదనను నాటకరచనతో పోల్చిన హాస్యము అందున్నవి. న్యాయాధిపతియందును, ఆ న్యాయవాదియందును వాసుదేవునే దర్శించితినని 1909 మే 30న ఉత్తరపారా ప్రసంగములో వారు చెప్పిరి. మన సత్సంగములలో ఈ దర్శనఘట్టము భక్తితో వినిపింపబడుచున్నది.

విచారణ గ్రంథము మరి రెండు సంగతులను స్మరింపజేయును. న్యాయాధిపతి బీచ్‌క్రాఫ్ట్ ఐ.సి.యస్. పరీక్షలో అరవిందుల సహపరీక్షార్థి. అతడు తమ్ముడైన బారీంద్రునకు మరణదండన విధించెను. దానిని హైకోర్టు తరువాత ద్వీపాంతరవాసముగా మార్చినది. అన్నగారిపై సాక్ష్యము చాలదని ఆ తీర్పులోనే విడిచిపుచ్చెను. అనుమానము వేరు, నిరూపణము వేరు అని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమేల? రెండవది, ఈ నిర్బంధములకు ముందు, ఏప్రిల్ 30న, ముజఫర్‌పూర్‌లో ఒక న్యాయాధికారికై ఉద్దేశింపబడిన బాంబునకు కెనడీ కుటుంబమునకు చెందిన తల్లీకూతుళ్లు బలియైరి. మన సత్సంగములలో ఆ ఇరువురి ప్రస్తావన నేను వినలేదు. వాసుదేవుడు సర్వుల యందున్నచో వారియందును ఉన్నాడు గదా!

కావున ఆ యువకునితో ఇట్లంటిని: "నాయనా, చదువుము. గ్రంథము మూసిన పిదప నీ మనస్సెక్కడ నిలిచినదో పరిశీలించుకొనుము. హంతకుని చాతుర్యముపై నిలిచినచో అది రసాస్వాదనము, కొంతకాలము మానుము. మరణించినవారిపై, తీరని సందేహముపై నిలిచినచో అది విచారము. జపమునకు విఘ్నము కాజాలదు. మరునాడు ఎవరినైనను నిందింపబోవునప్పుడు నీ నాలుక ఒక క్షణమాగి, పలుకని రెండవ వాక్యమేదియని వెదకినచో, ఆ పఠనము వాఙ్మయతపస్సే యగును."

స్వస్తి.